వెల్లుల్లి... నూనె... ఎండుమిర్చి... ఇటలీ!

ఇటలీ అనగానే పిజ్జా, పీసా గోపురం గుర్తొస్తాయి. వారం రోజుల్లో ఆరు ఊళ్లు చుట్టేసి, ఫొటోలు దిగి, ఇండియన్ రెస్టారెంట్లో పప్పన్నం తిని తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. కానీ ఆ దేశాన్ని మనసారా ఇష్టపడి మళ్లీ మళ్లీ వెళ్లేవాళ్లు చేసేది వేరు. వాళ్లు అక్కడివాళ్ల పక్కన కూర్చుని, అక్కడివాళ్లలా తింటారు. అలా తినడానికి ఓరుగల్లువాళ్లకు పెద్దగా శిక్షణ అక్కర్లేదు. ఎందుకో చూడండి!

హసన్‌పర్తి నుంచి ఏనుమాముల మార్కెట్ ఎంతో దూరం కాదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ యార్డు మిర్చి బస్తాలతో ఎర్రబడిపోతుంది. ఊళ్లోకొస్తే... ఏదో ఒక ఇంట్లో మూకుడులో నూనె కాగుతుంటుంది. అందులో చిదిమిన వెల్లుల్లి, తుంచిన ఎండుమిర్చి పడ్డాయంటే ఆ ఘాటు వీధి చివరిదాకా వెళ్లాల్సిందే.

ఇప్పుడు ఇటలీ వంటింట్లోకి తొంగిచూద్దాం. అక్కడ ఇంటింటా చేసుకునే ఓ వంట ఉంది. దాని పేరు స్పగెత్తీ ఆల్యో, ఓల్యో ఎ పెపెరొన్చీనో. నోరు తిరగడం లేదా? విడగొట్టి చూడండి. ఆల్యో అంటే వెల్లుల్లి. ఓల్యో అంటే నూనె. పెపెరొన్చీనో అంటే మిరపకాయ. అంటే... మన పోపే! ఉడికిన స్పగెత్తీని ఆ పోపులో కలిపితే వంట పూర్తయినట్టే. ఆలివ్ నూనె మనకు కొత్త కావచ్చు, ఆ వాసన వెనకున్న ఆకలి మాత్రం కొత్తది కాదు.

ముందు వాళ్లే వచ్చారు

ఇటలీతో మన పరిచయం నిన్నమొన్నటిది కాదు. వెనిస్ నగరానికి చెందిన మార్కో పోలో 13వ శతాబ్దం చివర్లో చైనా నుంచి తిరిగి వెళ్తూ మన తీరం గురించి తెలుసుకున్నాడు. ‘ముత్‌ఫిలి’ అని అతను రాయించిన రాజ్యం కాకతీయులదేననీ, ఆ పేరు ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవుదనీ చరిత్రకారులు చెబుతారు. ఆ రాజ్యాన్ని ఒక మహిళ ఎంతో న్యాయంగా పాలించిందని మెచ్చుకున్నాడు. ఆమె మరెవరో కాదు, మన రుద్రమదేవి. ఇక్కడి వజ్రాల గురించీ, సాలెగూడంత సన్నని వస్త్రాల గురించీ చెప్పాడు. ఆ బట్టలు కట్టుకోవడానికి ఏ రాజైనా రాణైనా ముచ్చటపడతారన్నాడు. 1298లో జెనోవా చెరసాలలో ఉండగా తోటి ఖైదీ రుస్తికెల్లోకు ఈ కబుర్లన్నీ చెబితే అవే పుస్తకమయ్యాయి.

ఇక్కడో తమాషా ఉంది. మార్కో పోలో నాటికి ఇటలీలో టొమాటో లేదు. ఓరుగల్లులో మిరపకాయా లేదు! రెండూ కొలంబస్ ప్రయాణాల తర్వాత అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. ఇప్పుడు టొమాటో లేని ఇటలీ వంటనూ, మిర్చి లేని మన వంటనూ ఊహించగలమా? పరాయిదాన్ని తెచ్చుకుని సొంతం చేసుకోవడంలో ఇద్దరం ఇద్దరమే.

అన్నట్టు, పాస్తాను మార్కో పోలో చైనా నుంచి తెచ్చాడన్నది కట్టుకథ. అతను పుట్టడానికి వందేళ్ల ముందే, 1154లో, సిసిలీ దీవిలో పాస్తా తయారుచేసి ఓడల్లో పంపేవారని అల్ ఇద్రీసీ అనే అరబ్బు భూగోళ శాస్త్రవేత్త రాశాడు.

ఊరికో రుచి

‘ఇటలీ వంట’ అని ఒక్కమాటలో తేల్చేస్తే అక్కడివాళ్లు ఒప్పుకోరు. 1861లో ఒక్క రాజ్యంగా ఏర్పడేదాకా ఇటలీ వేర్వేరు రాజ్యాలుగానే ఉండేది. అందుకే ఏ ఊరి రుచి ఆ ఊరిదే. నాపొలి(నేపుల్స్)లో పిజ్జా తినాలి. అక్కడి పిజ్జా చేసే కళను యునెస్కో 2017లో వారసత్వ జాబితాలో చేర్చింది. జెనోవాలో తులసి జాతికే చెందిన బాజిలికో ఆకులు నూరి చేసే పెస్తో పచ్చడి తినాలి. రోమ్‌లో చీజ్, మిరియాలు కలిపిన ‘కాచో ఎ పేపె’ తినాలి. కారం కావాలంటే దక్షిణాన కలాబ్రియా వెళ్లాలి. అక్కడి దియమాంతె అనే ఊళ్లో ఏటా సెప్టెంబరులో మిరపకాయల పండగే చేస్తారు! సర్వపిండిని వరంగల్‌లో తిన్నట్టు మరోచోట తినలేం కదా... ఇదీ అంతే.

నాట్ల పాటలు అక్కడా ఉన్నాయి

పాస్తా దేశంలో వరిపొలాలు ఉంటాయా అంటే... ఐరోపాలో అత్యధికంగా వరి పండేది ఇటలీలోనే! తొరీనో నుంచి మిలానోకు రైలెక్కితే దారిలో వెర్చెల్లి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు నిండిన మడులు అద్దం పరిచినట్టు ఉంటాయి. చెరువు కింది పొలాలు చూసి పెరిగినవాళ్లకు ఒక్క క్షణం ఇల్లు గుర్తురాకమానదు.

ఒకప్పుడు ఆ మడుల్లో మోకాటిలోతు నీళ్లలో వంగి నాట్లేసిందీ, కలుపు తీసిందీ ఆడవాళ్లే. వాళ్లను మొందీనె అనేవారు. పాడుకుంటూ పనిచేసేవారు. రోజుకు ఎనిమిది గంటలే పనిచేస్తామని 20వ శతాబ్దం తొలినాళ్లలో సమ్మెలు చేసి సాధించుకున్నారు. 1949లో వచ్చిన ‘రీసో అమారో’(చేదు బియ్యం) సినిమా వాళ్ల కథే. ఆ బియ్యంతో చేసే రిసోత్తోను ముద్దగానూ కాకుండా, పొడిపొడిగానూ కాకుండా వండుతారు. చూడ్డానికి మన పొంగలికి చుట్టంలా ఉంటుంది. గరిటెడు గరిటెడుగా వేడి రసం పోస్తూ, కలుపుతూ పొయ్యి దగ్గరే నిలబడాలి. ఆ వెనకున్న చాకిరీ తెలిస్తే రుచి ఇంకాస్త పెరుగుతుంది.

వెళ్తున్నారా... ఇవి తెలుసుకోండి

బార్ అనే బోర్డు చూసి కంగారుపడకండి. అక్కడ బార్ అంటే ముందుగా కాఫీ దొరికే చోటు. నిలబడి తాగితే ధర తక్కువ, కూర్చుంటే చాలాచోట్ల ఎక్కువ. పాలు కలిపిన కపుచీనో పొద్దుటిపూటే. భోజనమయ్యాక చిన్న కప్పులో చిక్కటి కాఫీ తాగుతారు.

మధ్యాహ్న భోజనం పన్నెండున్నర నుంచి రెండున్నర మధ్య, రాత్రి భోజనం ఏడున్నర తర్వాత. ఆ వేళ దాటితే చిన్న ఊళ్లలో వంటిల్లు మూసేస్తారు. బిల్లులో ‘కొపెర్తో’ అని కనిపిస్తే మోసం అనుకోవద్దు, అది బల్ల దగ్గర కూర్చున్నందుకు మనిషికింతని వేసే రుసుము.

శాకాహారులైతే మగవాళ్లు ‘సోనో వెజెతారియానో’ అనాలి, ఆడవాళ్లు ‘వెజెతారియానా’ అనాలి. కూరగాయల సూప్‌లోనూ మాంసం ఉడికించిన నీళ్లు ఉండొచ్చు, అడగడం మేలు. పార్మిజానో చీజ్ తయారీలో దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు. పట్టింపు ఉన్నవాళ్లు ఆ తురుము వద్దని చెప్పాలి.

చర్చిల్లోకి వెళ్లేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చీర, చుడీదార్లకు ఏ ఇబ్బందీ లేదు! సాయంత్రం ఇంటిల్లిపాదీ వీధుల్లోకొచ్చి కబుర్లాడుకుంటూ నడుస్తారు. దాన్ని పసెజ్జాతా అంటారు. టికెట్ లేని వినోదం... మీరూ కలిసిపోండి.

నాలుగు మాటలు నేర్చుకోవడమూ కష్టం కాదు. పాస్తా, జెలాతో, త్రెనో, బాంకా... అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. మనం రైలు, బ్యాంకు అన్నట్టే. తెలుగును ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అన్నది అందుకే.

మనమేం చెబుతాం?

విదేశీ వర్తకుల సరుకుకు రక్షణ ఉంటుందనీ, మామూలు సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమనీ కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. అలా తలుపులు తెరిచిన నేల గురించే ఆ తర్వాత వెనిస్ మనిషి ఇష్టంగా చెప్పాడు. ఏడు శతాబ్దాలు దాటినా ఆ మాటలు ఇంకా చదువుకుంటున్నాం. మరి, వాళ్ల దేశం వెళ్లొచ్చాక మనం ఏం చెబుతాం? ఇండియన్ రెస్టారెంట్ ఎక్కడుందో చెబుతామా... వెర్చెల్లి పొలాల గురించి చెబుతామా? ఆరు ఊళ్లు కాదు, రెండే చూడండి. పచ్చడి సీసా పెట్టెలోనే ఉండనివ్వండి. ఒక్క పూటైనా వాళ్ల బల్ల దగ్గర కూర్చోండి.

ఇంట్లోనే చేసుకోండి

నలుగురికి: స్పగెత్తీ 400 గ్రాములు, వెల్లుల్లి రెబ్బలు ఆరు, ఎండుమిర్చి మూడు, ఆలివ్ నూనె ఆరు పెద్ద చెంచాలు, ఉప్పు.

నాలుగు లీటర్ల నీళ్లు మరిగించి, లీటరుకు పది గ్రాముల చొప్పున ఉప్పు వేసి స్పగెత్తీని పలుకుగా ఉడికించాలి. ఈలోగా సన్నటి సెగ మీద నూనెలో సన్నగా తరిగిన వెల్లుల్లి, తుంచిన ఎండుమిర్చి వేయించాలి. వెల్లుల్లి మాడితే చేదొస్తుంది, జాగ్రత్త. స్పగెత్తీ ఉడికిన నీళ్లు ఓ గరిటెడు పోసి, స్పగెత్తీ వేసి బాగా కలిపి వేడిగా వడ్డించాలి.

మిర్చి ఏది వాడాలంటారా? 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ చపాటా ఉందిగా! కారం తక్కువ, రంగు ఎక్కువ. రైతులు దాన్ని పిలిచే ఇంకో పేరు... టమాటా మిర్చి!