మూలన పడ్డ స్కానర్‌ను లైనక్స్ మాట్లాడించేదిలా

కంప్యూటర్ మారినప్పుడల్లా ఏదో ఒక పాత పరికరం అటకెక్కుతుంది. అలా ఎక్కేవాటిలో ఫ్లాట్‌బెడ్ స్కానర్ ముందు వరుసలో ఉంటుంది. అద్దం శుభ్రంగానే ఉంటుంది, లోపలి దీపం వెలుగుతుంది, మోటారు కదులుతుంది. అయినా కొత్త కంప్యూటర్ దాన్ని గుర్తించదు. తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో వెతికితే, ఆ మోడల్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లో పనిచేసే సాఫ్ట్‌వేర్ లేదని తెలుస్తుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ తర్వాత కొందరు కొత్త కంప్యూటర్ కొంటుంటే, మరికొందరు పాతదాన్నే ఉంచుకుని లైనక్స్ వంటి ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వైపు చూస్తున్నారు. లైనక్స్‌కు మారేవారికి మొదట వచ్చే సందేహాల్లో ఇదొకటి: ఉన్న స్కానర్ అందులో పనిచేస్తుందా?

చాలా మోడళ్ల విషయంలో జవాబు అవుననే. కొన్నిసార్లు విండోస్ కొత్త వెర్షన్‌లో మొరాయించిన స్కానరే లైనక్స్‌లో చక్కగా పనిచేస్తుంది. కొన్ని మోడళ్లు మాత్రం ఎంత ప్రయత్నించినా లొంగవు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే, పారేయాల్సిన స్కానర్ ఏదో, దాచుకోవాల్సింది ఏదో తేల్చుకోవడం సులువు.

గీత గీతగా చదివే కన్ను

కెమెరా దృశ్యమంతటినీ ఒకేసారి పట్టుకుంటుంది. స్కానర్ అలా కాదు. కాగితం వెడల్పంతా పరచుకున్న ఒక సన్నని గీతను మాత్రమే ఒక్కో క్షణంలో చదువుతుంది. మోటారు ఆ కన్నును కాస్త ముందుకు జరుపుతుంది, తర్వాతి గీత చదువుతుంది. పేజీ పూర్తయ్యేదాకా ఇదే వరస.

ఆ కన్ను రెండు రకాలు. మొదటిది సీసీడీ. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనుగొన్న ఈ సెన్సర్‌కు 2009 భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం దక్కింది. సీసీడీ స్కానర్‌లో అద్దాలు, కటకం కలిసి పేజీ ప్రతిబింబాన్ని కుదించి చిన్న చిప్ మీద పడేలా చేస్తాయి. రెండోది సీఐఎస్. ఇందులో సెన్సర్ పేజీ వెడల్పంత ఉండి, అద్దానికి దాదాపు ఆనుకుని కదులుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్ఈడీలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగి రంగులను విడివిడిగా చూపిస్తాయి. సీఐఎస్ స్కానర్లు పలుచగా ఉంటాయి. కానన్ లైడ్ 110 వంటివి విడిగా కరెంటు అక్కర్లేకుండా యూఎస్‌బీ తీగ ఇచ్చే విద్యుత్తుతోనే నడుస్తాయి.

అంగుళానికి 300 చుక్కల చొప్పున ఏ4 పేజీని చదివితే అడ్డంగా 2480, నిలువుగా 3508 చుక్కలు వస్తాయి. మొత్తం దాదాపు 87 లక్షలు. ఒక్కో చుక్కకు మూడు రంగులు, రంగుకు ఒక బైటు చొప్పున లెక్కిస్తే ఒక్క పేజీకి సుమారు 26 మెగాబైట్లు. ఈ సమాచారమంతా క్రమం తప్పకుండా కంప్యూటర్‌కు చేరాలి. మోటారు ఎంత వేగంతో కదలాలో, దీపం ఎంతసేపు వెలగాలో కంప్యూటర్ నుంచి స్కానర్‌కు ఆదేశాలు అందాలి. ఈ రెండు వైపులా జరిగే సంభాషణను నడిపే సాఫ్ట్‌వేరే డ్రైవర్. పాతకాలంలో దొరలకూ స్థానికులకూ మధ్య దుబాసీ చేసిన పనే ఇక్కడ డ్రైవర్ చేస్తుంది.

పెన్‌డ్రైవ్‌కు లేని చిక్కు

కీబోర్డు, మౌస్, పెన్‌డ్రైవ్ ఏ కంపెనీవైనా ఏ కంప్యూటర్‌కు పెట్టినా పనిచేస్తాయి. యూఎస్‌బీ ప్రమాణంలో వాటికి ఉమ్మడి తరగతులు ఉండటమే ఇందుకు కారణం. పెన్‌డ్రైవ్‌లన్నీ ఒకే భాష మాట్లాడతాయి కాబట్టి అన్నింటికీ ఒకే డ్రైవర్ సరిపోతుంది.

ఫ్లాట్‌బెడ్ స్కానర్లకు ఆ భాగ్యం దక్కలేదు. వాటిలో అత్యధిక భాగం కంపెనీ సొంత భాషనే వాడతాయి. ఒకే కంపెనీలో రెండు మోడళ్ల లోపలి చిప్‌లు వేరైతే వాటి భాషలూ వేరే. ఆ భాష వివరాలను చాలా సంస్థలు బయటపెట్టవు. డ్రైవర్‌ను మాత్రం నడపడానికి సిద్ధంగా ఉన్న రూపంలో ఇస్తాయి. దాని సోర్స్ కోడ్ ఇవ్వవు. ఆపరేటింగ్ సిస్టమ్ మారినప్పుడు డ్రైవర్‌ను తిరగరాయాల్సింది కంపెనీయే. అమ్మకం ఆగిపోయిన మోడల్ కోసం ఆ ఖర్చు పెట్టడానికి కంపెనీకి పెద్దగా కారణం ఉండదు. స్కానర్‌లో ఏ భాగమూ చెడకపోయినా, దాని భాష తెలిసిన దుబాసీ కరవవుతాడు.

పనిని రెండుగా విడదీసిన సేన్

ఈ సమస్యకు ఓపెన్ సోర్స్ ప్రపంచం ఇచ్చిన జవాబు పేరు సేన్. ‘స్కానర్ యాక్సెస్ నౌ ఈజీ’ అన్న మాటల తొలి అక్షరాలు కలిస్తే వచ్చిన పేరు అది. 1990ల రెండో సగంలో డేవిడ్ మోస్‌బెర్గర్, ఆండ్రియాస్ బెక్ దీనికి పునాది వేశారు. అప్పటికే 1992 నుంచి ట్వైన్ అనే ప్రమాణం వాడుకలో ఉంది. ట్వైన్ పద్ధతిలో స్కానర్‌ను నడిపే భాగమూ, తెరపై కనిపించే బటన్ల కిటికీ రెండూ డ్రైవర్‌లోనే కలిసి ఉంటాయి.

సేన్ ఆ రెండింటినీ విడదీసింది. వెనుక ఉండే బ్యాకెండ్ స్కానర్‌తో మాత్రమే మాట్లాడుతుంది. ముందు ఉండే ఫ్రంటెండ్ మనిషితో మాట్లాడుతుంది. తన స్కానర్ ఏయే రిజల్యూషన్లు ఇవ్వగలదో, రంగులు ఉన్నాయో లేదో, పేజీ కొలతలు ఎంతో బ్యాకెండ్ ఒక జాబితాగా చెబుతుంది. ఆ జాబితాను తెరపై ఎలా చూపించాలన్నది ఫ్రంటెండ్ ఇష్టం. సింపుల్ స్కాన్ అదే జాబితాను రెండు మూడు బటన్లుగా చూపిస్తుంది. ఎక్స్‌సేన్ అన్ని మీటలనూ తెరిచి పెడుతుంది. స్కాన్‌ఇమేజ్ అనే ఆదేశానికి కిటికీయే అక్కర్లేదు, ఒక్క వరుస టైపు చేస్తే చాలు.

ఈ విభజన వల్ల స్కానర్ ఒక గదిలోనూ, దాన్ని వాడే మనిషి మరో గదిలోనూ ఉండవచ్చు. తెర కూడా లేని చిన్న కంప్యూటర్‌కు పాత స్కానర్‌ను కలిపి, సేన్‌డీ అనే సేవ ద్వారా బడిలోని మిగతా కంప్యూటర్లన్నింటికీ అందుబాటులో ఉంచవచ్చు. సోర్స్ కోడ్ అందరి చేతిలో ఉండటం మరో లాభం. కంపెనీ ఇచ్చిన డ్రైవర్ ఇంటెల్ తరహా ప్రాసెసర్ కోసమే తయారై ఉంటే రాస్ప్‌బెరీ పై వంటి ఆర్మ్ ప్రాసెసర్ మీద నడవదు. సేన్ బ్యాకెండ్‌ను దేనికి కావాలంటే దానికి కంపైల్ చేసుకోవచ్చు. డెబియన్, ఉబుంటులతో పాటు, డెబియన్ ఆధారంగా సి-డాక్ రూపొందించిన మన బాస్ లైనక్స్‌లోనూ ఇదే సేన్ పనిచేస్తుంది.

తీగ మీది సంభాషణ విని

కంపెనీ చెప్పని భాషను బ్యాకెండ్ రాసేవారు ఎలా నేర్చుకుంటారు? కొన్ని సంస్థలు వివరాలు ఇచ్చి సహకరిస్తాయి. హెచ్‌పీ తన పరికరాల కోసం ఓపెన్ సోర్స్ డ్రైవర్‌నే విడుదల చేసింది. వివరాలు దొరకని చోట స్వచ్ఛంద కార్యకర్తలు సంభాషణను విని నేర్చుకుంటారు. లైనక్స్ లోపల వర్చువల్ యంత్రంలో విండోస్‌ను నడిపి, కంపెనీ డ్రైవర్‌తో స్కాన్ చేయిస్తారు. యూఎస్‌బీ తీగ మీదుగా వెళ్లే ప్రతి బైటునూ వైర్‌షార్క్ వంటి సాధనంతో నమోదు చేస్తారు. రిజల్యూషన్ మార్చి మరోసారి, రంగు తీసేసి ఇంకోసారి స్కాన్ చేసి, ఏ బైటు మారిందో పోల్చి చూస్తారు. ఒక మార్పు చేసి ఫలితాన్ని కొలవడం, మళ్లీ మరో మార్పు చేయడం: ప్రయోగశాలలో జరిగే పనికీ దీనికీ పద్ధతిలో తేడా లేదు.

ఆదేశాలు తెలిసినంత మాత్రాన మంచి చిత్రం రాదు. సెన్సర్‌లోని వేలాది కణాల సున్నితత్వం ఒకేలా ఉండదు. దీపం వెలుగు కూడా అంచుల్లో తగ్గుతుంది. అందుకే స్కానర్ మూత కింద, పేజీ మొదలయ్యే చోటుకు ముందు, కంటికి కనిపించకుండా ఒక తెల్లని పట్టీ ఉంటుంది. ప్రతి స్కాన్‌కు ముందు యంత్రం ఆ పట్టీని చదివి, దీపం లేనప్పుడు వచ్చే విలువనూ చూసుకుని, ఒక్కో కణానికి విడిగా సవరణ లెక్కిస్తుంది. కిరాణా కొట్టులో సరుకు తూచే ముందు ఖాళీ డబ్బాకు ధడా కట్టినట్లే ఇది. ఈ సవరణ సరిగ్గా రాయని బ్యాకెండ్‌తో స్కాన్ చేస్తే పేజీ పొడవునా నిలువు చారలు కనిపిస్తాయి.

ఇలా విని నేర్చుకోవడం చట్టానికి విరుద్ధమా అన్న సందేహానికి మన దేశంలో జవాబు ఉంది. న్యాయంగా తన దగ్గరున్న సాఫ్ట్‌వేర్‌తో కలిసి పనిచేసే మరో స్వతంత్ర ప్రోగ్రామ్ రాయడానికి అవసరమైన సమాచారం ఇంకెక్కడా సులభంగా దొరకనప్పుడు, దాన్ని రాబట్టేందుకు చేసే పని కాపీరైట్ ఉల్లంఘన కిందికి రాదని 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది.

ఎక్కడ తెగింది?

లైనక్స్‌లో స్కానర్ పలకకపోతే కారణాన్ని నాలుగు మెట్లలో వెతకవచ్చు. మొదట స్కానర్‌కే తాళం ఉందేమో చూడాలి. రవాణాలో కన్ను కదలకుండా చాలా మోడళ్లకు అడుగున గాని పక్కన గాని ఒక మీట ఉంటుంది.

తర్వాత టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే ఆదేశం ఇవ్వాలి. తగిలించిన పరికరాల జాబితాలో స్కానర్ కనిపించకపోతే లోపం తీగలోనో, పోర్టులోనో, స్కానర్‌లోనో ఉన్నట్లు. సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లనక్కర్లేదు.

అక్కడ కనిపిస్తే, స్కానర్లను పేర్కొనమని స్కాన్‌ఇమేజ్‌ను అడగాలి. అది కూడా చూపిస్తే పని పూర్తయినట్లే. తీగ మీద కనిపిస్తూ స్కాన్‌ఇమేజ్‌లో కనిపించకపోతే కారణం సాధారణంగా మూడింటిలో ఒకటి. ఆ మోడల్‌కు బ్యాకెండ్ ఇంకా లేకపోవచ్చు. బ్యాకెండ్ ఉన్నా సేన్ అమరికల ఫైలులో దాని పేరు నిలిపివేసి ఉండవచ్చు. లేదా స్కానర్‌కు ఫర్మ్‌వేర్ అందకపోవచ్చు. ఎప్సన్ పర్ఫెక్షన్ 3490 వంటి కొన్ని స్కానర్లు తమ లోపలి ప్రోగ్రామ్‌ను దాచుకోవు, తగిలించిన ప్రతిసారీ కంప్యూటరే పంపాలి. ఆ ఫైలు కంపెనీ సొత్తు కనుక లైనక్స్‌తో పాటు రాదు. స్కానర్‌తో వచ్చిన పాత సీడీలోంచి తీసి, బ్యాకెండ్ చెప్పిన చోట పెట్టుకోవాలి. డబ్బా పారేసినా సీడీ దాచమనేది అందుకే.

నాలుగో మెట్టు అనుమతి. నిర్వాహక హక్కులతో నడిపితే పనిచేసి, మామూలు ఖాతాలో పనిచేయకపోతే స్కానర్‌ను తాకే అధికారం ఆ ఖాతాకు లేదన్నమాట. డెబియన్ వంటి వ్యవస్థల్లో ఖాతాను ‘స్కానర్’ అనే బృందంలో చేర్చడంతోనో, ఆ పరికరానికి ఒక యూడెవ్ నియమం రాయడంతోనో ఇది తీరుతుంది. ఎప్పుడూ నిర్వాహక హక్కులతోనే స్కాన్ చేయడం మాత్రం మంచి అలవాటు కాదు.

ఒత్తు చెరగకుండా

పాత స్కానర్‌ను బతికించుకోవడం పొదుపు కోసమే అయితే ఇంత శ్రమ అనవసరం అనిపించవచ్చు. అయితే మన దేశంలో ఇళ్లలో, ఊరి గ్రంథాలయాల్లో ఇరవయ్యో శతాబ్దపు పుస్తకాలు, పత్రికలు, దస్తావేజులు ఎన్నో ఉన్నాయి. కలప గుజ్జుతో చేసిన ఆ కాగితంలో మిగిలిన ఆమ్లం సెల్యులోజ్ పోగులను ఏళ్ల తరబడి తెంచుతూనే ఉంటుంది. పేజీ పసుపు రంగుకు తిరిగి, ముట్టుకుంటే పెళుసుగా విరుగుతుంది. ఒకసారి పొడి అయ్యాక ఏ సాఫ్ట్‌వేర్ కూడా దాన్ని తిరిగి ఇవ్వలేదు.

తెలుగు లిపికి ఇక్కడ ఒక ప్రత్యేక జాగ్రత్త కావాలి. ద, ధ, ప, ఫ, డ, ఢ జంటల్లో తేడా అంతా ఒక చిన్న నిలువు గీతలోనే ఉంటుంది. ఆ గీత వెడల్పు 0.2 మిల్లీమీటర్లు అనుకుందాం. అంగుళానికి 150 చుక్కలతో స్కాన్ చేస్తే ఒక్కో చుక్క 0.17 మిల్లీమీటర్లు, అంటే గీత అంతా ఒక చుక్కలో కలిసిపోవచ్చు. 300 దగ్గర దానికి రెండు చుక్కలు, 600 దగ్గర దాదాపు ఐదు దక్కుతాయి. సూక్ష్మ వివరం నిలవాలంటే దాని మీద కనీసం రెండు నమూనాలు పడాలన్నది సంకేత శాస్త్రంలో తెలిసిన సూత్రమే. తెలుగు చదవగల ఓపెన్ సోర్స్ ఓసీఆర్ సాధనం టెసరాక్ట్‌కు కూడా 300 చుక్కలు కనీస అవసరం. చిన్న అక్షరాలు, ఒత్తులు ఎక్కువగా ఉన్న పాత ముద్రణకు 600 మేలు. డబ్బా మీద వేసే వేలాది చుక్కల సంఖ్యలు చాలావరకు లెక్కకట్టి పూరించినవే, ‘ఆప్టికల్’ అని రాసిన సంఖ్యనే నమ్మాలి.

కుట్టు గట్టిగా ఉన్న పుస్తకం మధ్య భాగం అద్దానికి ఆనదు. సీఐఎస్ కన్ను అద్దానికి కాస్త ఎత్తులో ఉన్నదాన్ని కూడా మసకగా చూస్తుంది. సీసీడీకి అంతకన్నా లోతు చూపు ఉంటుంది. బరువుగా కనిపించే పాత సీసీడీ స్కానర్‌ను పుస్తకాల కోసం దాచుకోవడానికి ఇదొక మంచి కారణం. పెళుసు బారిన పుస్తకాన్ని మాత్రం ఏ అద్దం మీదా అదమకూడదు, పైనుంచి కెమెరాతో తీయడమే క్షేమం.

డ్రైవర్ అడగని తరం

ఇటీవలి స్కానర్లలో భాషల గొడవ కొంత తగ్గింది. ఈఎస్‌సీఎల్ అనే ఉమ్మడి పద్ధతిని పాటించే మల్టీఫంక్షన్ యంత్రాలు నెట్‌వర్క్ మీద తమ వివరాలు తామే చెప్పుకుంటాయి. సేన్‌లో ఇప్పుడు వాటికి బ్యాకెండ్ ఉంది, సేన్-ఎయిర్‌స్కాన్ అనే మరొకటి విడిగా దొరుకుతుంది. మోడల్‌కు ఒకటి చొప్పున డ్రైవర్ అవసరం ఉండదు.

అలా కాని స్కానర్ కొనేముందు సేన్ ప్రాజెక్టు ప్రచురించే మోడళ్ల జాబితా చూడటం మంచిది. అందులో ప్రతి మోడల్ పక్కన మద్దతు ‘పూర్తి’ నుంచి ‘లేదు’ వరకు ఏ స్థాయిలో ఉందో రాసి ఉంటుంది. ఇంట్లో ఉన్నదాన్ని పరీక్షించడానికి కంప్యూటర్‌లో ఏదీ మార్చనక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ వేసి, దాని నుంచే కంప్యూటర్‌ను మొదలుపెట్టి, స్కానర్ తగిలించి చూస్తే చాలు. పావుగంట పని. పాత సామాన్ల బండివాడికి వేసే ముందు ఆ పావుగంట కేటాయిస్తే, ఆ అద్దం మీద ఇంకా ఎన్నో పుస్తకాలు తెరుచుకోవచ్చు.