ఇంట్లో వెండి, బంగారం ఎలా కాపాడుకోవాలి?



మన ఇళ్లల్లో పెద్ద పెద్ద నగలు ఉండవు. అవ్వ ముక్కు నత్తు, చెవి పోగులు, కడియాలు, వెండి రూపాయల దండ. అంతే. కానీ జ్వరం వచ్చినా, విత్తనాలు కొనాలన్నా అవే ఆదుకుంటాయి. అందుకని వాటి గురించి నాకు తెలిసింది రాస్తున్నాను.

వెండి ఎందుకు నల్లబడుతుంది?

అది తుప్పు కాదు. గాలిలో ఉండే గంధకం వాయువు వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే నల్లటి పొర ఏర్పడుతుంది. రబ్బరులో, ఉల్లిపాయలో, గుడ్డులో కూడా గంధకం ఉంటుంది. కాబట్టి కడియాలకి రబ్బరు బ్యాండు చుట్టి దాచకూడదు.

మా అవ్వ దండని బూడిద పెట్టి తోమేది. ఇటుక పొడి, బూడిదతో తోమితే నలుపుతోపాటు వెండి కూడా కొంచెం కొంచెం అరిగిపోతుంది. 1940కి ముందు రూపాయి 11.66 గ్రాములు ఉండేది. అందులో 100కి 91 పాళ్ల పైనే వెండి. 1940లో వెండిని సగానికి తగ్గించేశారు. అంటే బిళ్ల మీద సంవత్సరం అరిగిపోతే దాని విలువ చెప్పడం కష్టం.

ఎలా శుభ్రం చెయ్యాలి?

1. గోరువెచ్చని కుంకుడు రసంలో కాసేపు ఉంచి, మెత్తని గుడ్డతో తుడిచి, మంచినీళ్లతో కడగాలి. బంగారానికీ ఇదే మంచిది.
2. వెండి బాగా నల్లబడితే సత్తు గిన్నెలో వేడి నీళ్లు పోసి, వంటసోడా వేసి, నగ గిన్నెకి తగిలేలా ఉంచాలి. గంధకం సత్తు వైపు పోతుంది, వెండి వెండిగా మిగులుతుంది. ముత్యాలు, రాళ్లు ఉన్నవి ఇలా చెయ్యకూడదు.
3. తడి లేకుండా ఆరబెట్టి, దేనికది నూలు గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టాలి.
4. పగిలిన థర్మామీటరులోని పాదరసం బంగారానికి తగలనివ్వకూడదు. బంగారం తెల్లబడి పాడైపోతుంది.

ఇప్పుడు మా ఇంట్లో జరిగింది చెప్తాను.

సంక్రాంతి సెలవుల్లో ఇద్దరు మనుషులు నగలకి మెరుగు పెడతామని మా ఊరు వచ్చారు. ముందు ఇత్తడి చెంబు ఊరికే తోమి తళతళలాడించారు. ఒక పొట్లం చూపించారు. దాని మీద ఇంగ్లీషులో బంగారం శుభ్రం చేసే పొడి అని ఉంది. నేనే చదివి చెప్పాను. మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. అవ్వ, "నువ్వు సదివినావు గదా, ఇంకేటి బయం" అని నత్తు, పోగులు తీసి ఇచ్చేసింది. వాళ్లు ఏదో నీళ్లలో ముంచి, తర్వాత పసుపు నీళ్ల గిన్నెలో వేసి, అరగంట మూత తియ్యొద్దని చెప్పి వెళ్లిపోయారు.

నగలు మెరిశాయి. కానీ అవ్వ చేతిలో పెట్టుకుని, "తేలిగ్గా ఉన్నాయే" అంది. అయ్య అంతకుముందు కుదువ పెట్టినప్పటి చీటీలో 6 గ్రాములని ఉంది. సంతలో తూయిస్తే 4న్నర వచ్చింది.

మా సైన్సు టీచర్ని అడిగితే చెప్పారు. మూడు వంతుల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక వంతు నత్రికామ్లం కలిపితే ద్రవరాజం అవుతుంది. అందులో బంగారం కరుగుతుంది. ఆ నీళ్లు వాళ్లు పట్టుకుపోతే కరిగిన బంగారం వాళ్లకే.

అవ్వ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే నాకు ఎక్కువ ఏడుపు వచ్చింది. పొట్లం మీద రాసింది చదివాను గానీ, వాళ్లెవరు, ఏ ఊరు అని అడగలేదు.

కాబట్టి మెరుగు పెట్టేవాళ్లకి నగలు ఇవ్వొద్దు. ప్రతి నగ బరువు ఒక నోట్సులో రాసి పెట్టండి. చీటీలు పారెయ్యొద్దు. కొత్త బంగారం కొంటే హాల్‌మార్క్ చూడండి. 22 క్యారెట్లకి 916 అని ఉంటుంది. 2021 నుంచి ఆరు అక్షరాలు, అంకెల గుర్తు కూడా వేస్తున్నారు.

ఈసారి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మీ అవ్వకి ఇది చదివి వినిపించండి. మా అవ్వ రూపాయల దండ ఇప్పుడు నేనే కుంకుడు రసంతో కడుగుతున్నాను. అవ్వ పక్కనే కూర్చుని బిళ్లలు లెక్కపెడుతుంది.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని