జాక్సన్-వానిక్ సవరణ
వలస హక్కును వాణిజ్యానికి ముడిపెట్టిన అమెరికా చట్ట నిబంధన ఇది. 1972లో సోవియట్ యూనియన్ దేశం విడిచి వెళ్లే విద్యావంతులపై భారీ ‘చదువు పన్ను’ వేసింది. ఆ దెబ్బ ఎక్కువగా యూదులకు తగిలింది. సెనేటర్ హెన్రీ జాక్సన్, ప్రతినిధుల సభ సభ్యుడు చార్లెస్ వానిక్ తెచ్చిన ఈ సవరణ 1974 వాణిజ్య చట్టంలో చేరింది. పౌరులను వెళ్లనివ్వని కమ్యూనిస్టు దేశాలకు ‘అత్యంత అనుకూల దేశం’ హోదా, అంటే మిగతా దేశాలతో సమానంగా తక్కువ సుంకాలు, దక్కకూడదన్నది దాని సారం. తెర వెనుక మంతనాలే మేలన్న విదేశాంగ మంత్రి హెన్రీ కిసింజర్ మాట కాంగ్రెస్ వినలేదు. అధ్యక్షుడు ఏటా మినహాయింపు ఇవ్వవచ్చు. 1990లలో చైనాకు ఆ మినహాయింపుపై కంపెనీలు ఒకవైపు, మానవ హక్కుల సంఘాలు మరోవైపు గట్టిగా పోరాడాయి. యూదుల వలసకు అడ్డు తొలగాక కూడా రష్యాపై నిబంధన కొనసాగడం దాని అసలు ఉద్దేశానికి దూరమే. 2012లో రష్యా విషయంలో దాన్ని ఎత్తేసిన చట్టంలోనే, అక్కడి మానవ హక్కుల ఉల్లంఘనులపై మాగ్నిట్‌స్కీ ఆంక్షలు చేర్చారు. ఉక్రెయిన్‌పై దాడితో 2022 ఏప్రిల్‌లో రష్యా ‘అత్యంత అనుకూల దేశం’ హోదాను మళ్లీ కోల్పోయింది.