ఇద్దరు, ముగ్గురు తెలిస్తే... జపాన్ లెక్క సగం వచ్చినట్టే!

గూడూరు జంక్షన్‌లో చెన్నై వైపు రైలెక్కి తడలో దిగితే శ్రీసిటీ దగ్గరే. ఇసుజు, కోబెల్కో, డైకిన్, టోరే... అక్కడ జపాన్ కంపెనీలు చాలానే ఉన్నాయి. 2021 జనవరిలో భారత్, జపాన్ మధ్య నైపుణ్య కార్మికుల ఒప్పందం కుదిరాక నేరుగా జపాన్ వెళ్లే దారి కూడా తెరుచుకుంది. దానికి భాషలో ఎన్4 లేదా జేఎఫ్‌టీ-బేసిక్ అడుగుతారు. జపనీస్ మొదలుపెట్టినవాళ్లు లిపిని చూసి భయపడతారు కానీ, అంకెల్ని ఒక్కరోజు బట్టీపట్టి వదిలేస్తారు. దెబ్బ తగిలేది అక్కడే. షిఫ్టు టైమ్, పీసుల సంఖ్య, ధర, చివరికి మీ జీతం... అన్నీ అంకెలే కదా!

పది వస్తే తొంభై తొమ్మిది

ఇచి, ని, సన్, యొన్, గొ, రొకు, నన, హచి, క్యూ, జూ. ఇవే ఒకటి నుంచి పది. ఇక్కడి నుంచి మన తెలుగుకన్నా తేలిక. ఇరవై ఐదుకి 'ని-జూ-గొ', అంటే రెండు పదులు ఐదు. నలభై ఏడుకి 'యొన్-జూ-నన'. వంద హ్యకు, వెయ్యి సెన్. కొన్నిచోట్ల మాత్రం పలుకు మారుతుంది. 300 సన్‌బ్యకు, 600 రొప్ప్యకు, 800 హప్ప్యకు. వీటిని విడిగా రాసుకోండి.

నాలుగుకి 'షి', ఏడుకి 'షిచి' అనే పేర్లు కూడా ఉన్నాయి. 'షి' అంటే చావు అనే అర్థం కూడా వస్తుంది కాబట్టి వీలైనచోట 'యొన్' అంటారు. 'షిచి' వినడానికి 'ఇచి'లా ఉంటుందని 'నన' వాడతారు. గడియారం దగ్గర మాత్రం జాగ్రత్త. నాలుగు గంటలు యొజి, ఏడు షిచిజి, తొమ్మిది కుజి.

'మంది' మనకూ ఉందిగా!

జపనీస్‌లో దేన్ని లెక్కపెడుతున్నామో దాన్నిబట్టి అంకె పక్కన ఒక పదం చేరుతుంది. యంత్రాలకి 'దై', కాగితాల్లాంటి పల్చటివాటికి 'మై', పెన్నుల్లాంటి పొడవైనవాటికి 'హొన్'. ఇదేం గోల అనుకోకండి. మనం మాత్రం 'రెండు మనుషులు' అంటామా? ఒకరు, ఇద్దరు, ముగ్గురు అంటాం. ఎనిమిది దగ్గరికొచ్చేసరికి 'మంది' చేరుస్తాం. వాళ్లూ అంతే. హితొరి, ఫుతరి అన్నాక మూడు నుంచి సన్‌నిన్, యొనిన్... ఆ 'నిన్' మన 'మంది' లాంటిదే. తేదీలకీ ఒకటి నుంచి పది వరకు ప్రత్యేకమైన పేర్లున్నాయి. పాడ్యమి, విదియ, తదియ అలవాటైన మనకి అదీ కొత్త కాదు.

జీతం దగ్గర నాలుగు సున్నాలు

మనకి వెయ్యి తర్వాత లక్ష, ఆ తర్వాత కోటి. వాళ్లకి వెయ్యి తర్వాత పదివేలు. దాని పేరు 'మన్'. లక్ష అంటే 'జూమన్', పది పదివేలు. కోటి అంటే 'ఇస్సెన్‌మన్', వెయ్యి పదివేలు. నెలకు 'నిజూమన్ ఎన్' అని వినగానే ఇరవై వేలు అనుకునేరు! అది రెండు లక్షల యెన్‌లు. కాగితం మీద 200,000 అని ఉంటుంది. కుడివైపు నాలుగు అంకెలు వేలితో మూసేయండి. మిగిలినవే మన్‌లు. 185,000 అయితే 18 మన్‌లు, 5 వేలు... 'జూహచిమన్ గొసెన్'.

ఇది పరీక్ష కోసమే కాదు. ఒప్పందంలో అంకె మీకు తెలియకపోతే మధ్యవర్తి చెప్పిందే లెక్క అవుతుంది. అందుకే 'తెదొరి' అనే మాట కూడా గుర్తుపెట్టుకోండి. పన్నులు, బీమా కోతలు పోగా చేతికొచ్చేది అదే. సంతకానికి ముందు అదెంతో అడగండి.

ప్లాట్‌ఫామే ప్రాక్టీస్ హాల్

జేఎల్‌పీటీ జులై, డిసెంబరుల్లో జరుగుతుంది. చెన్నైలో కేంద్రం ఉంది. వినే విభాగంలో ఆడియో ఒక్కసారే వస్తుంది. వేలు మడిచి లెక్కపెట్టే టైమ్ ఉండదు. అందుకే చెవికి అలవాటు చేయాలి. స్టేషన్‌లో పినాకిని ఎక్స్‌ప్రెస్ 12711 అని వినపడగానే 'ఇచి, ని, నన, ఇచి, ఇచి' అనుకోండి. నిమ్మకాయల ధర విన్నా, బస్ టికెట్ కొన్నా మనసులో జపనీస్‌లోకి మార్చండి. ఫ్రెండ్‌ని 'ఇకుర దెసు క?' అని అడగండి. 'ఎంతండీ?' అని అర్థం. ఆలోచించకుండా జవాబు వచ్చిన రోజు అంకెలు మీవైనట్టే.