పాడైన రికార్డింగ్ మళ్లీ బాగవుతుందా? స్కూల్లో మ్యూజిక్ టెక్నాలజీ నాకు నేర్పింది ఇదే

చాలామంది అడుగుతున్నారు, "స్కూల్లో మ్యూజిక్ టెక్నాలజీ అనే సబ్జెక్ట్ నిజంగా ఉంటుందా? అందులో ఏం చెప్తారు?" అని. ఉంటుంది. నేను ఇంగ్లండ్‌లో చదివాను. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

మనకి ఇంటర్ ఎలాగో, అక్కడ 16 నుంచి 18 ఏళ్ల వాళ్లకి ఏ లెవెల్స్ అలాగ. ఎక్కువమంది మూడు సబ్జెక్టులు తీసుకుంటారు. నేను మ్యాథ్స్, ఫిజిక్స్‌తో పాటు ఇది తీసుకున్నా. "పాటలు వినడానికి కూడా పరీక్షా?" అన్నారు నాన్న. నిజంగానే పరీక్షండీ!

ఎడెక్సెల్ బోర్డు సిలబస్‌లో నాలుగు భాగాలు. మొదటిది రికార్డింగ్, 20 శాతం. బోర్డు ఇచ్చిన లిస్టులోంచి ఒక పాట తీసుకుని, పాడేవాళ్లని, వాయించేవాళ్లని కూర్చోబెట్టి, మైకులు పెట్టి, రికార్డ్ చేసి మిక్స్ చేయాలి. రెండోది కంప్యూటర్‌లో సొంతంగా కంపోజ్ చేయడం, అదీ 20. మూడోది లిజనింగ్, 25. పాట వినిపించి, గొంతు మీద ఏ ఎఫెక్ట్ వేశారు, ఎందుకు వేశారు అని అడుగుతారు. నాలుగోది 35. పరీక్షలోనే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వాళ్లిచ్చిన ట్రాకుల్ని సరిచేయాలి, జవాబులూ రాయాలి.

ఇంతకీ నేను ఇందులో ఎందుకు చేరానంటే... నాకు పద్నాలుగేళ్లప్పుడు సెలవులకి రాజమండ్రి వెళ్లాం. అమ్మమ్మ మంగళహారతి పాడుతుంటే ఫోన్ నోటి దగ్గర పెట్టి రికార్డ్ చేశా. గట్టిగా వస్తే బాగుంటుందని యాప్‌లో గెయిన్ ఫుల్‌గా పెంచేశా. మరుసటి ఏడాది అమ్మమ్మ పోయింది. ఇప్పుడు ఆ ఫైల్ పెడితే, పైస్వరం అందుకున్న ప్రతిసారీ ఒకటే గరగర. ఈ కోర్సు చదివితే దాన్ని బాగుచేయొచ్చు అనుకున్నా.

క్లాసులో ఆ ఫైల్‌ని స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే, అలల పైభాగం కత్తితో కోసేసినట్టు ఉంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. సీడీ క్వాలిటీలో సౌండ్‌ని సెకనుకి 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాస్తారు. ఆ అంకె 32,767 దాటదు. సౌండ్ అంతకన్నా పెద్దదైతే రాయడానికి చోటే లేదు. గ్లాసు నిండాక పోసిన పాలు కిందే పోతాయి కదా, అంతే. తర్వాత వాల్యూమ్ తగ్గిస్తే గరగర చిన్నగా వినిపిస్తుంది, కానీ పోదు. రిపేర్ చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. నేనూ వాడా, కాస్త మెరుగైంది. కానీ అవి పోయిన ముక్కని ఊహించి పూరిస్తాయి. ఆ చోట వినిపించేది అమ్మమ్మ గొంతు కాదు, ఒక అంచనా.

అందుకే రెండేళ్ల చదువులో నాకు మిగిలిన మాట ఒక్కటే: "మిక్సింగ్‌లో చూసుకుందాంలే" అనొద్దు, మైకు దగ్గరే చూసుకోవాలి. దీనికి మీ ఫోన్ చాలు. బ్యాండ్‌ల్యాబ్ లాంటి ఉచిత యాప్ వేసుకోండి.

ఒకటి, పాటలో అన్నిటికన్నా గట్టిగా వచ్చే చోటు ముందు పాడించి చూడండి. మీటర్ మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆగాలి, ఎరుపు తగలకూడదు. సౌండ్ కాస్త తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు.

రెండు, ఫోన్ జానెడు దూరంలో, నోటికి కొంచెం పక్కగా పెట్టండి. ప, భ పలికినప్పుడు గాలి నేరుగా మైకుకి కొట్టదు.

మూడు, ఫ్యాన్ ఆపండి, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఖాళీ గది కాకుండా పరుపు, దుప్పట్లు ఉన్న గదిలో కూర్చోండి, గోడల నుంచి ప్రతిధ్వని తగ్గుతుంది.

నాలుగు, ఒరిజినల్ ఫైల్ రెండు చోట్ల దాచండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి.

ఈ ఆదివారం మీ అమ్మమ్మనో, తాతయ్యనో ఒక పాట పాడమని అడగండి. ముందు పది సెకన్లు టెస్ట్ చేసి, హెడ్‌ఫోన్స్‌లో విన్నాకే అసలు రికార్డింగ్ మొదలుపెట్టండి. ఆ పది సెకన్లు నేను ఆ రోజు ఆగలేదు. మళ్లీ కలుద్దాం, ఉంటాను.