ఐస్లాండు జలపాతములు : యాత్రకు ముందు యోచింపవలసిన సంగతులు

భూగోళ పటమున ఉత్తరపు కొనవైపు చూపు సాగించినచో, గ్రీన్లాండునకును నార్వేకును నడుమ, అట్లాంటిక్ మహాసముద్రమున ఒంటరిగా నిలిచిన ఐస్లాండు ద్వీపము కనబడును. దాని వైశాల్యము సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య సుమారు నాలుగు లక్షలు. అనగా నేటి ఆంధ్రప్రదేశములో మూడింట రెండు వంతులంత నేలపై, మన మోస్తరు నగర మొకదానిలో నుండు జనులు మాత్రమే నివసించుచున్నారు. వారును దాదాపుగా అందరు తీరము నంటియే యుందురు. నడిమి మిట్టనేల రాయియు, బూడిదయు, మంచును తప్ప ఊరు లేని ప్రదేశము.

ఇంత దూరపు ద్వీపమును గూర్చి మన పత్రికలో వ్రాయుటకు కారణము కలదు. పై చదువులకై ఇంగ్లండు, ఐర్లండు, జర్మనీ దేశముల కేగిన తెలుగు యువతీయువకులలో కొందరు సెలవులలో ఆ ద్వీపపు జలపాతములను చూడబోవుచున్నారు. వారికి సెలవులు తరచుగా దొరకునది డిసెంబరు మాసమున. ఆ మాసముననే అచ్చట పగలు మిక్కిలి కురుచ, మార్గము మిక్కిలి కఠినము. కావున అట్టి యాత్రను సిద్ధపరచుకొను విధమును పిల్లలకు భూగోళపాఠముగను, తలిదండ్రులకు ఉపయోగకరమగు సమాచారముగను వివరింప దలచితిమి. మేము ముఖ్యముగా చెప్పదలచినది ఒక్కటే: అచ్చట ప్రయాణమును కిలోమీటర్లతో గాక, పగటివెలుతురుతోను వాతావరణముతోను కొలువవలెను.

మొదట, ఆ ద్వీపమున ఇన్ని జలపాతము లుండుటకు హేతువు లెరుగవలెను. అవి మూడు. మొదటిది నీటి సమృద్ధి. సముద్రముపై నుండి వచ్చు తేమగాలులు ఏడాది పొడుగున వానను, మంచును కురిపించుచుండును. ద్వీపములో సుమారు పదింట ఒక వంతు హిమానీనదములచే కప్పబడియున్నది. వానిలో పెద్దదియగు వాట్నాయోకుల్ ఒక్కటియే ఏడువేల చదరపు కిలోమీటర్లకు మించి వ్యాపించియున్నది. రెండవ హేతువు రాయి. అగ్నిపర్వతములు క్రక్కిన లావా గడ్డకట్టి ఆ నేల యేర్పడినది. గట్టి లావాపొరయు, మెత్తని బూడిదపొరయు ఒకదానిపై నొకటి పరచియుండుటచే, నది మెత్తని దానిని త్వరగా కోసివేయును; గట్టిది మెట్టువలె నిలుచును; ఆ మెట్టునుండి నీరు క్రిందికి దూకును. మూడవది నేలయొక్క వయస్సు. భూగర్భశాస్త్రజ్ఞుల లెక్కలో అది చిన్నవయస్సు నేల. నదులు తమ పడకలను చదునుచేసికొనుటకు ఇంకను వ్యవధి చాలలేదు.

మరియొక భేదము గమనింపదగినది. ఆదిలాబాదు జిల్లాలోని మన కుంటాల జలపాతము వానకాలమున నిండి, వేసవిలో సన్నగిల్లును. ఐస్లాండులో మంచునుండి పుట్టిన నదుల గతి వేరు. వేసవిలో మంచు కరగుటచే అవి పొంగును; చలికాలమున తగ్గును. ఆ నీరు రాతిపొడిని మోసికొనివచ్చుటచే బూడిదవన్నెగా నుండును.

ఇక చూడదగిన వానిలో ముఖ్యమైనవి. ఆ భాషలో ‘ఫోస్’ అనగా జలపాతము. రాజధానియగు రేక్యావిక్ నగరమునకు తూర్పున సుమారు 120 కిలోమీటర్ల దూరమున గుల్‌ఫోస్, అనగా బంగారు జలపాతము, కలదు. అచ్చట హ్వీతా నది రెండంచెలుగా మొత్తము 32 మీటర్లు దిగి లోతైన ఇరుకులోయలో అణగిపోవును. దక్షిణతీరపు మార్గమున సెల్యాలాండ్స్‌ఫోస్, స్కోగాఫోస్ అను రెండు జలపాతములు ముప్పది కిలోమీటర్ల యెడముతో నున్నవి. రెండును సుమారు 60 మీటర్ల యెత్తైనవి. రెండు మూడు తాటిచెట్లను ఒకదానిపై నొకటి నిలిపినంత. ఇవి దూకు కొండచరియలు పూర్వము సముద్రపు టొడ్డులు. తరువాత సముద్రము వెనుకకు తొలగగా గట్టుపై మిగిలినవి. సెల్యాలాండ్స్‌ఫోస్ వెనుకభాగమున నీటితెరకును రాతికిని మధ్య నడిచిపోవుటకు త్రోవ కలదు. ఇంకను తూర్పున స్కాఫ్తాఫెల్ వద్ద, నల్లని రాతిస్తంభములు వరుసగా వ్రేలాడు కొండనుండి స్వార్టిఫోస్ దిగును. లావా మెల్లగా చల్లారునప్పుడు ముడుచుకొని పగులుటచే ఆ స్తంభములు ఏర్పడినవి.

ఉత్తరభాగమున రెండు చెప్పదగినవి. డెట్టిఫోస్ సుమారు 44 మీటర్ల యెత్తు, 100 మీటర్ల వెడల్పు కలది. యూరపుఖండపు మిక్కిలి బలమైన జలపాతములలో ఒకటి. గోదాఫోస్ పండ్రెండు మీటర్ల యెత్తు మాత్రమే. అయినను దాని పేరునకు ‘దేవతల జలపాతము’ అని అర్థము. సుమారు 1000వ సంవత్సరమున ఆల్తింగి అను ఆ దేశపు మహాసభ క్రైస్తవమతమును అంగీకరించెను. ఆ తీర్పు చెప్పిన తోర్గేయిర్ అను పెద్ద, ఇంటికి మరలి తన ప్రాతవిగ్రహములను ఇందులో విడిచెనని కథ. మహాసభ తీర్పు చరిత్ర. విగ్రహముల కథ చాలకాలమునకు పిమ్మట పుట్టినదని పలువురు పరిశోధకుల అభిప్రాయము. చదువరులు ఈ రెంటిని వేరుపరచి గ్రహింపవలెను.

యాత్రను యోచించువారు మొదట నిర్ణయింపవలసినది కాలము. రేక్యావిక్ 64 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. జూను మూడవ వారమున అచ్చట సూర్యుడు నడిరేయి అస్తమించి మూడుగంటలలో మరల ఉదయించును. డిసెంబరు మూడవ వారమున పగలు పదునొకండున్నర గంటల ప్రాంతమున తెల్లవారి, మధ్యాహ్నము మూడున్నరకే ప్రొద్దు గ్రుంకును. ఉదయమునకు ముందును అస్తమయమునకు పిమ్మటను కొంతసేపు సంజవెలుగుండును గాని, క్రొత్త త్రోవలో బండి నడుపుటకు దానిని నమ్మరాదు.

ఇప్పుడొక చిన్న లెక్క వేయుదము. రేక్యావిక్ నుండి స్కోగాఫోస్ సుమారు 155 కిలోమీటర్లు. మార్గము బాగున్నచో పోవుటకు రెండుగంటలకు పైగా, వచ్చుటకు అంతయే పట్టును. జలపాతములు రెంటివద్దను ఒక్కొక్క గంట నిలుతు మనుకొందము. మొత్తము ఆరు ఏడు గంటలు. పగలో, నాలుగే గంటలు. కాబట్టి డిసెంబరులో ఒకే దినమున పోయివచ్చువాడు ఎట్లు లెక్కించినను కొంతమార్గమును చీకటిలో, మంచుగడ్డపై దాటక తప్పదు. అదే దినమున గుల్‌ఫోస్‌ను కూడ చేర్చినచో ఏదియు వెలుతురులో చూచినట్లు కాదు. ఈ లెక్క కాగితముపై వేయుటకు అయిదు నిమిషములు చాలును. వేయక బయలుదేరినవారు త్రోవలో నేర్చుకొందురు.

కావున చలికాలమున పోవువారు దినమున కొక దిక్కు మాత్రమే పెట్టుకొనవలెను. ఒక దినము గుల్‌ఫోస్, మరియొక దినము దక్షిణతీరము. మంచుమార్గములపై బండి నడిపిన యనుభవము లేనివారు స్వయముగా నడుపుటకంటె, స్థానికులగు చోదకులు నడుపు యాత్రాబస్సులలో పోవుట మేలు. సెల్యాలాండ్స్‌ఫోస్ వెనుకత్రోవ తుంపరలు గడ్డకట్టినపుడు మూసివేయబడును. ఉత్తరభాగమును, నడిమి మిట్టనేలను ఆ కాలమున తలపెట్టకుండుటయే యుక్తము.

వేసవిలో పోవువారికి వీలు హెచ్చు. ద్వీపమును చుట్టివచ్చు 1వ నంబరు రహదారి 1974లో పూర్తి చేయబడినది; దాని పొడవు సుమారు 1,320 కిలోమీటర్లు. నాలుగైదు దినములే కలవారు చుట్టిరావలెనని ఆశపడక, గుల్‌ఫోస్‌ను, దక్షిణతీరమును స్వార్టిఫోస్ వరకు చూచి మరలుట మంచిది. పది దినములు కలవారు ఉత్తరమునకు పోవచ్చును. ఎవరైనను ఒక దినమును ఖాళీగా విడిచియుంచవలెను. గాలివాన వచ్చి మార్గము మూసినపుడు ఆ ఖాళీదినమే యాత్రను నిలుపును. అది లేనివారు విమానవేళకు భయపడి గాలివానలోనే బయలుదేరుదురు; అపాయము అచ్చటనే కలదు.

మార్గనియమములు కొన్ని చెప్పెదము. అచ్చట బండ్లు కుడిప్రక్క నడుచును. ఊళ్ల వెలుపల తారుబాటపై గంటకు 90, కంకరబాటపై 80 కిలోమీటర్ల వేగము మించరాదు. ఒక్క బండి మాత్రమే పట్టు వంతెనలు పెక్కు కలవు. మిట్టనేల మార్గములకు ‘ఎఫ్’ అను అక్షరము గుర్తుగా నుండును. అవి వేసవిలో మాత్రమే తెరవబడును, నాలుగుచక్రములకును బలమందు బండ్లకు మాత్రమే తగును. బాట విడిచి నేలపై బండి నడుపుట చట్టవిరుద్ధము. చక్రము త్రొక్కిన నాచు మరల పెరుగుటకు పలు దశాబ్దములు పట్టును. గాలి బండి తలుపును పెరికివేయునంత బలముగా వీచుట కద్దు. కావున దిగునపుడు తలుపును చేతితో పట్టుకొనవలెను. వాతావరణశాఖ సూచనను, మార్గముల స్థితిని ప్రతి ఉదయమును చూచి బయలుదేరవలెను. ఆపదలో పిలువవలసిన సంఖ్య 112. ఆ దేశపు రక్షకదళములవారు చాలమట్టుకు జీతము పుచ్చుకొనని స్వచ్ఛందసేవకులు. మన అజాగ్రత్తకై రాత్రివేళ ఇల్లు విడిచి మంచులోనికి వచ్చువారు వారే యని జ్ఞాపకముంచుకొనవలెను.

ప్రవేశపత్రముల సంగతియు మరువరాదు. ఐస్లాండు షెంగెన్ ఒప్పందములో చేరిన దేశము. జర్మనీ నివాసపత్రము గల భారతీయులకు స్వల్పకాల యాత్రకు వేరు వీసా అక్కరలేదు. ఇంగ్లండు, ఐర్లండులలో చదువు భారతీయులు ముందుగా షెంగెన్ వీసా పొందవలెను. దుస్తులలో నూలుబట్ట తడిసి చల్లబడును. లోన ఉన్నిబట్ట, పైన నీరు చొరని అంగీ, కాలికి జారని బూట్లు ఉండవలెను.

జలపాతమువద్ద కట్టిన త్రాడు, చెక్కనడవ అలంకారమునకు గాదు. తడిసిన నాచురాయిపై ఒక్క అడుగు జారిన, తిరిగి పట్టుకొనుటకు ఆధార ముండదు. ఛాయాచిత్రమునకై హద్దు దాటినవారు అపాయమున పడిన సందర్భములు కలవు.

ఈ జలపాతము లూరక నిలిచినవి కావు. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో గుల్‌ఫోస్‌ను విద్యుచ్ఛక్తికై వినియోగింప దలచి, విదేశీయుల ధనముతో దానిపై కౌలుహక్కు సంపాదింపబడెను. సమీపమున బ్రాట్‌హోల్ట్ అను పొలమున నివసించిన రైతుబిడ్డ సిగ్రీదుర్ తోమాస్‌దోత్తిర్ దాని నెదిరించి, కొండత్రోవల పలుమారులు రాజధానికేగి వాదించెను. ఆమెకు సహాయపడిన న్యాయవాది స్వేయిన్ బ్యోర్న్‌సన్ 1944లో ఆ దేశపు మొదటి అధ్యక్షుడయ్యెను. కౌలుసొమ్ము చెల్లింపబడనందున 1929లో ఆ హక్కు రద్దయ్యెను. 1979లో ఆ ప్రదేశము ప్రకృతిరక్షణ క్షేత్రముగా ప్రకటింపబడెను. ఆమె శిలాచిత్రము నేటికిని జలపాతముచెంత కలదు.

తలిదండ్రులకు మా మనవి యొకటి. మీ బిడ్డ అచ్చటికి పోవుచున్నానని తెలిపినపుడు, ఎన్ని జలపాతములు చూతువని యడుగకుడు. ఏ దినమున ఎచ్చట బస, ప్రొద్దు ఎప్పుడు గ్రుంకును, ఖాళీదినము కలదా యని యడుగుడు. వాతావరణము బాగులేక మధ్యత్రోవనుండి మరలి వచ్చినానని వ్రాసినచో, మెచ్చుకొనుడు. పై తరగతుల విద్యార్థులు పటమును ముందుంచుకొని, సెప్టెంబరు మాసమున ఆరు దినములకు తగిన యాత్రాక్రమ మొకటి వ్రాసి తెచ్చినయెడల, వెలుతురు లెక్కతో సహా దానిని సంతోషముతో సరిచూచి యిత్తుము.