ట్వీటరు ఎందుకు కాలిపోతుంది?

పల్నాటి సీమలోని వెల్దుర్తి వంటి ఊళ్లలో పాఠశాల వార్షికోత్సవమైనా, తిరునాళ్లయినా మైకు సెట్టు ఉండవలసిందే. నరసరావుపేటకు సమీపాన ఉన్న కోటప్పకొండ మహాశివరాత్రి ప్రభలవద్ద కూడ పాటలు మారుమోగుతూ ఉంటాయి. ఇట్టి చోట్ల ఒక్కొక్కసారి పెట్టెలోని పెద్ద స్పీకరు మోగుతూనే ఉన్నా, మాట మాత్రం గుడ్డ కప్పినట్లు వినిపిస్తుంది. హెచ్చు పౌనఃపున్యపు ధ్వనులను పలికించే చిన్న స్పీకరు, అనగా ట్వీటరు, కాలిపోయి ఉండవచ్చు.

తాళాల మోతలోను, ‘స’కారంలోను సెకనుకు వేల కంపనాలు ఉంటాయి. అంత వేగంగా కదలాలంటే ట్వీటరు పొర, దానికి అంటిన తీగచుట్ట మిక్కిలి తేలికగా ఉండాలి. అందుచేత తీగ చాలా సన్నం. సాధారణ స్పీకరులో విద్యుచ్ఛక్తి బహు కొద్దిపాలే ధ్వనిగా మారుతుంది. తక్కినది దాదాపు అంతా వేడే. పెద్ద చుట్ట తట్టుకొనే వేడికి చిన్న చుట్ట తట్టుకోలేదు.

దీనికి మొదటి రక్షణ కెపాసిటరు. పౌనఃపున్యం తగ్గినకొద్దీ అది చూపే అడ్డు పెరుగుతుంది. 8 ఓముల ట్వీటరుకు శ్రేణిలో కలిపిన 4 మైక్రోఫారడ్ల కెపాసిటరు, 5,000 కంపనాలవద్ద సుమారు 8 ఓముల అడ్డును, 50 కంపనాలవద్ద సుమారు 800 ఓముల అడ్డును చూపుతుంది. కాబట్టి డోలు మోత వెనుకకు మళ్లుతుంది, తాళం మోత లోనికి పోతుంది. ఏకముఖ విద్యుత్తును కూడ అది ఆపివేస్తుంది. ధ్రువ భేదం లేని కెపాసిటరునే వాడాలి.

ఆంప్లిఫయరు చిన్నది గనుక ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. దాని శక్తికి మించి ధ్వని పెంచితే విద్యుత్తరంగాల శిఖరాలు కోసినట్లు చదునవుతాయి. అట్టి తరంగంలో కొత్తగా హెచ్చు పౌనఃపున్యాలు పుడతాయి. కెపాసిటరు వీటిని ఆపదు. మైకు స్పీకరు కెదురుగా ఉన్నప్పుడు వచ్చే కీచుమోత కూడ ఇట్టిదే.

ఇక్కడ పనికివచ్చేది చిన్న బల్బు. టంగ్‌స్టన్ తీగ చల్లగా ఉన్నప్పుడు నిరోధం తక్కువ; వేడెక్కితే అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. తగిన బల్బును ట్వీటరుకు శ్రేణిలో కలిపితే మామూలు ధ్వనికి పెద్దగా అడ్డురాదు. ప్రవాహం హెచ్చితే తాను వెలిగి, ట్వీటరుకు పోయే శక్తిని తగ్గిస్తుంది. కొన్ని పెట్టెలలో ఫ్యూజు ఉంటుంది. అది పోయినదని రాగితీగ చుట్టడం, కాపలావానిని పంపివేసి తలుపు తెరచి ఉంచడమే.

అన్నిటికన్న ముఖ్యం వాడేవారి జాగ్రత్త. ధ్వని గరగరలాడితే వెంటనే తగ్గించాలి. మైకును స్పీకర్లకు వెనుకగా ఉంచాలి. ఆంప్లిఫయరును అన్నిటికన్న చివర వెలిగించి, అన్నిటికన్న ముందు ఆపాలి. ‘ఢబ్’ మనే దెబ్బ ట్వీటరుకు తగలకుండ ఉంటుంది.

4కు బదులు 2 మైక్రోఫారడ్ల కెపాసిటరు కలిపితే, దాని అడ్డు ఏ పౌనఃపున్యంవద్ద 8 ఓములవుతుందో విద్యార్థులు లెక్కకట్టి చూడవచ్చు.